రైలు వెళ్ళిపోయిన దారిలో సైకిలు

ఇంగ్లండు పల్లెల్లో సెలవురోజు సైకిలు తొక్కడానికి చాలా దారులున్నాయి. వాటికి పేర్లున్నాయి, నంబర్లున్నాయి, మలుపు మలుపుకీ నీలిరంగు బోర్డులున్నాయి. పటం చూస్తే, ఎవరో ముందుగా ఆలోచించి, భూమి సేకరించి, సైకిళ్ళ కోసమే వీటిని వేశారని అనిపిస్తుంది. నిజానికి వీటిలో ఎక్కువ భాగం సైకిలు కోసం వేసినవి కావు. కొన్ని రైళ్ళు ఆగిపోయాక మిగిలిన కట్టలు. కొన్ని గుర్రాలు నడిచిన బాటలు. కొన్ని పడవలను లాగిన కాలువ గట్లు. మిగిలినవి పొలాల మధ్య డొంకలు. వేరే పనికి పుట్టి, ఆ పని తీరిపోయాక మిగిలిన ముక్కలను చట్టంతోనూ, అనుమతులతోనూ, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ శ్రమతోనూ అతికితే ఈ దారులు తయారయ్యాయి.

చక్రం కింద ఉన్నది ఏ ముక్కో తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ఒకచోట కొండల మధ్య కూడా ఎక్కుడు ఎందుకు లేదో, ఇంకోచోట మోకాలి లోతు బురద ఎందుకు ఉందో, బాగా సాగుతున్న దారి ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయిందో తెలుస్తుంది. ఈ అవగాహన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. అక్కడ 250 వాట్లకు మించని మోటారు ఉండి, గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేసే బ్యాటరీ సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. పద్నాలుగేళ్ళు నిండితే చాలు. దాంతో ఇదివరకు సైకిలు జోలికి పోని పెద్దవాళ్ళూ పల్లెదారి పడుతున్నారు. ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్లు, చదువుకు వెళ్ళిన మన పిల్లలు, వాళ్ళను చూడబోయిన తల్లిదండ్రులు కూడా సైకిళ్ళు అద్దెకు తీసుకుని ఈ దారుల మీదికి వెళ్ళగలరు.

ముందుగా రైలు కట్టల సంగతి చూద్దాం. అందరికంటే ఎక్కువగా కుటుంబాలను, కొత్తవాళ్ళను రప్పించే దారులు ఇవే.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌లో ప్రైవేటు కంపెనీలు పోటీలు పడి రైలు మార్గాలు వేశాయి. చిన్న చిన్న పల్లెలకు కూడా స్టేషన్లు వచ్చాయి. తర్వాత బస్సులు, లారీలు, సొంత కార్లు పెరిగి పల్లె రైళ్ళు ఖాళీ అయ్యాయి. 1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చారు. రెండు వేలకు పైగా స్టేషన్లను, మొత్తం మార్గంలో దాదాపు మూడో వంతును మూసేయాలని అందులో సూచించారు. అంతకుముందే మూతపడ్డవీ చాలా ఉన్నాయి. పట్టాలు తీసి తుక్కు కింద అమ్మేశారు. కట్టలు, వంతెనలు, సొరంగాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

ఆ కట్ట సైకిలుకు అంతగా నప్పడానికి కారణం చక్రంలో ఉంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం చాలా సులువుగా దొర్లుతుంది, కానీ దానికి పట్టు తక్కువ. ఎక్కుడు కాస్త నిటారుగా ఉంటే చక్రం జారుతుంది, ఇంజను ముందుకు కదలదు. అందుకని ఇంజనీర్లు దారిని వీలైనంత చదునుగా నడిపారు. చాలాచోట్ల వంద మీటర్లు సాగితే ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది, తప్పనిసరైతే రెండు. గుట్ట అడ్డొస్తే కోసేశారు, కొండ అడ్డొస్తే సొరంగం తవ్వారు, లోయ వస్తే వంతెన కట్టారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట లేపారు. వేలమంది కూలీలు పలుగూ పారా పట్టి చేసిన పని అది. ఇవాళ ఒక్క సైకిలు దారి కోసం కొండ తొలుస్తామంటే డబ్బు దొరకడం కష్టం. ఆవిరి ఇంజను కోసం పడిన ఆ శ్రమ ఫలితం ఆరేళ్ళ పిల్లకూ, డెబ్బయ్యేళ్ళ తాతకూ అందుతోంది. వంద మీటర్లకు ఒక మీటరు లేచే దారిలో తాము ఎక్కుతున్నామన్న సంగతి వాళ్ళకు తెలియను కూడా తెలియదు. తిరుగు ప్రయాణంలో సైకిలు దానంతటదే కాస్త జోరందుకున్నప్పుడు తెలుస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. డెర్బీషైర్‌లోని హై పీక్ ట్రెయిల్ 1830ల నాటి రైలు మార్గం మీద వేసింది. అప్పటికి ఇంజన్లు బలహీనం. అందుకని కొండ ఎక్కాల్సినచోట పైన ఆవిరి యంత్రం బిగించి, వ్యాగన్లను మోకుతో లాగేవారు. మిడిల్‌టన్ దగ్గర ఆ వాలు ఎనిమిది, తొమ్మిది మీటర్లకు ఒక మీటరు. రైలు కట్టే కదా అని తేలిగ్గా వెళ్ళినవాళ్ళు అక్కడ దిగి తోసుకుంటూ పోవాల్సిందే. యంత్రం ఉన్న భవనం పైన ఇంకా నిలబడి ఉంది. ఆ ఎక్కుడు అలా ఎందుకు ఉందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

రైలు కట్టను సైకిలు దారిగా మార్చడంలో ప్రభుత్వాల కంటే పౌరులు ముందున్నారు. 1977లో బ్రిస్టల్ నగరంలో కొందరు సైకిలు అభిమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత అదే సస్ట్రాన్స్ అనే సంస్థ అయింది. జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీరు దానికి సారథి. మూతపడిన రైలు మార్గం మీద బ్రిస్టల్ నుంచి బాత్ దాకా దాదాపు 21 కిలోమీటర్ల దారిని వాళ్ళు 1979లో మొదలుపెట్టి 1986కు పూర్తి చేశారు. పనిలో స్వచ్ఛంద కార్యకర్తల చేయి చాలా ఉంది. దారి తయారయ్యాక ఉదయం ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు, ఆదివారం షికారుకు వెళ్ళేవాళ్ళు ఇద్దరూ దాని మీదికి వచ్చారు. సరదాకి వేసిన దారి, అవసరానికి వేసిన దారి అని విడదీయలేమని అక్కడే తేలింది.

బాత్ ఊరి దక్షిణాన 2013లో మరో దారి తెరిచారు. దాని మీద రెండు సొరంగాలున్నాయి. పెద్దదైన కూమ్ డౌన్ సొరంగం పొడవు 1,672 మీటర్లు. బ్రిటన్‌లో సైకిలు మీద వెళ్ళగలిగే సొరంగాల్లో ఇదే పొడవైనది. రైళ్ళ కాలంలో ఇందులో గాలి గొట్టాలు లేక పొగ కమ్మి సిబ్బంది అవస్థ పడేవారు. ఇప్పుడు లోపల దీపాలున్నాయి. మధ్యలో కొంతదూరం సంగీతం కూడా వినిపిస్తుంది. ఎండాకాలంలో వెళ్ళినా లోపల చలిగా ఉంటుంది కాబట్టి పైన వేసుకోవడానికి ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

పీక్ డిస్ట్రిక్ట్‌లోని మాన్సల్ ట్రెయిల్ కథ ఇంకోలా ఉంటుంది. ఇక్కడ 1968లో రైళ్ళు ఆగాయి. కట్ట మీద నడవనిచ్చినా, భద్రత పేరుతో సొరంగాలను నలభై ఏళ్ళకు పైగా మూసి ఉంచారు. నడిచేవాళ్ళు ప్రతి సొరంగం దగ్గరా కొండ చుట్టి వెళ్ళాల్సి వచ్చేది, సైకిలుకు ఆ వీలు లేదు. 2011లో సొరంగాలకు మరమ్మతు చేసి, దీపాలు పెట్టి తెరిచారు. ఒక్కసారిగా 13 కిలోమీటర్లకు పైగా ఒకటే దారి ఏర్పడింది. ఈ దారి సాగే లోయలో వంతెన కట్టి రైలు నడిపినప్పుడు రచయిత జాన్ రస్కిన్ లోయ అందం పాడైందని తీవ్రంగా బాధపడ్డారు. ఇప్పుడు ఆ లోయకు వెళ్ళే జనం ముందుగా ఫొటో తీసేది ఆ వంతెననే. పాత స్టేషన్లలో టీ దుకాణాలు వెలిశాయి, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లు వచ్చాయి. రైలు పోయి ఆదాయం పోయిన పల్లెకు అదే కట్ట మీదుగా మళ్ళీ నాలుగు డబ్బులు రావడం చిన్న సంగతి కాదు. కార్న్‌వాల్‌లో కామెల్ నది పక్కన సాగే ట్రెయిల్ దీనికి మంచి ఉదాహరణ. వేడ్‌బ్రిడ్జ్ నుంచి పాడ్‌స్టో రేవు దాకా సుమారు 9 కిలోమీటర్లు. పక్కనే సముద్రపు ఆటుపోట్లకు నిండుతూ, ఖాళీ అవుతూ ఉండే నదీముఖం. వేసవిలో వేడ్‌బ్రిడ్జ్ అద్దె దుకాణాల ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే బండ్లతో సహా సైకిళ్ళు బారులు తీరి ఉంటాయి.

ఇంత బాగుంటే అన్ని పాత రైలు మార్గాలనూ ఇలా ఎందుకు మార్చలేదని అడగొచ్చు. జవాబు భూమి దగ్గర ఉంది. రైళ్ళు ఆగాక రైల్వే ఆ కట్టలను ముక్కలుగా అమ్మేసింది. పక్క పొలం రైతు కొంత కొన్నాడు. ఒకచోట ఇళ్ళు లేచాయి, ఒకచోట బైపాస్ రోడ్డు పడింది. ముప్పై కిలోమీటర్ల కట్టలో ఒక్క కిలోమీటరు చేజారినా దారి రెండు ముక్కలవుతుంది. అమెరికాలో 1983లో ఒక చట్టం తెచ్చారు. ఆగిపోయిన మార్గాన్ని ముక్కలు కానివ్వకుండా నడక దారిగా, సైకిలు దారిగా వాడుకుంటూ, ఎప్పుడైనా మళ్ళీ రైలు వేయడానికి దాచి ఉంచే ఏర్పాటు అది. బ్రిటన్‌లో అలాంటి చట్టం రాలేదు. నా దృష్టిలో ఆ దేశం చేసుకున్న పెద్ద నష్టాల్లో ఇదొకటి. నష్టం ఇంకా ఆగలేదు కూడా. 2021లో కుంబ్రియాలోని గ్రేట్ మస్‌గ్రేవ్ ఊళ్ళో ఒక పాత రైలు వంతెన కింది భాగాన్ని ప్రభుత్వ రహదారుల సంస్థ కాంక్రీటుతో పూడ్చేసింది. బలహీనపడిందని కారణం చెప్పింది. స్థానిక అధికారులు దానికి అనుమతి నిరాకరించారు. చివరికి 2023లో అదే సంస్థ ఆ కాంక్రీటంతా తవ్వి తీసింది.

రైలు కట్టలు కాక రెండో రకం దారులు హక్కు బాటలు. వీటిని అర్థం చేసుకోవాలంటే అక్కడి భూమి చట్టం కొంచెం తెలియాలి. ఇంగ్లండులో పొలం ఒకరిదైనా, దాని మీదుగా పోయే బాటలో నడిచే హక్కు అందరికీ ఉండొచ్చు. తరతరాలుగా జనం నడిచిన బాటల మీద ఆ హక్కు నిలిచింది. 1949లో వచ్చిన చట్టం ప్రకారం కౌంటీలు (మన జిల్లాల వంటి పాలనా విభాగాలు) ఈ బాటలన్నిటినీ పటంలో నమోదు చేయాల్సి వచ్చింది. నమోదు చేసేటప్పుడు ప్రతి బాటకూ ఒక తరగతి ఇచ్చారు. ఫుట్‌పాత్ (కాలినడక బాట) అంటే నడవడానికే. బ్రైడిల్‌వే (గుర్రాల బాట) అంటే నడవొచ్చు, గుర్రం మీద వెళ్ళొచ్చు. బైవే (బళ్ళ బాట) మీద బళ్ళూ వెళ్ళొచ్చు.

సైకిలుకు ఇందులో చోటు 1968లో దొరికింది. ఆ ఏడాది గ్రామీణ ప్రాంతాల చట్టం సైకిళ్ళను గుర్రాల బాటల మీదికి అనుమతించింది. దానితోపాటు రెండు షరతులు పెట్టింది. నడిచేవాళ్ళకూ, గుర్రాల మీద వచ్చేవాళ్ళకూ సైకిలు పక్కకు తప్పుకుని దారివ్వాలి. రెండోది అంతకంటే ముఖ్యం: ఆ బాటను సైకిలుకు అనువుగా ఉంచాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. గుర్రం నడవగలిగితే చాలు. శీతాకాలంలో ఈ బాటల్లో చక్రాలు కూరుకుపోవడానికి కారణం ఇదే. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, చట్టం కోరింది అంతే.

పటంలో నమోదు చేసిన పద్ధతి వల్ల ఇంకో చిక్కు వచ్చింది. ఏ బాట ఏ తరగతిదో మొదట చెప్పింది ఊరి పరిషత్తులు. ఒక ఊరివాళ్ళు గుర్రాల బాట అని రాయించిన దాన్నే పక్క ఊరివాళ్ళు నడక బాట అని రాయించారు. ఈ కారణంగా ఇప్పటికీ కొన్నిచోట్ల గుర్రాల బాట పొలిమేర దాకా వచ్చి, అక్కడి నుంచి నడక బాటగా మారిపోతుంది. నేల అదే, కంచె అదే, సైకిలు హక్కు మాత్రం అక్కడితో సరి. ఆపైన తొక్కుకుంటూ వెళ్తే సాధారణంగా నేరం కాదు గానీ, భూమి యజమాని దృష్టిలో అతిక్రమణ. మొత్తం హక్కు బాటల్లో సైకిలుకు చెల్లేవి దాదాపు ఐదో వంతే. స్కాట్లాండు వేరు. అక్కడ 2003 చట్టం, బాధ్యతగా మసలుకుంటే చాలావరకు ఏ నేల మీదైనా నడకకూ సైకిలుకూ వీలు కల్పించింది. ఒకే ద్వీపం, సరిహద్దు దాటితే నియమం తిరగబడుతుంది.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ఒక్క గుర్తు నేర్చుకుంటే చాలు. గేట్ల దగ్గర స్తంభాల మీద చిన్న బాణాలుంటాయి. పసుపు బాణం నడకకు. నీలం గుర్రాల బాట, సైకిలు వెళ్ళొచ్చు. ఊదా, ఎరుపు బాణాలున్న బళ్ళ బాటల మీద కూడా వెళ్ళొచ్చు. పసుపు కనిపిస్తే దిగాలి.

గుర్రాల బాటల్లో పేరెన్నికగన్నది సౌత్ డౌన్స్ వే. దక్షిణాన వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు, సుద్దకొండల శిఖరాల మీదుగా సాగుతుంది. సుద్దరాయి నీటిని త్వరగా ఇంకించుకుంటుంది కాబట్టి వాన వెలిసిన కాసేపటికే నేల ఆరుతుంది, తడిగా ఉన్నంతసేపు మాత్రం సబ్బులా జారుతుంది. ఆ సుద్దలో చెకుముకి రాళ్ళుంటాయి. పగిలితే వాటి అంచు కత్తిలా ఉండి టైరును కోసేస్తుంది. పంక్చరు సామాను లేకుండా అక్కడికి వెళ్ళకూడదు.

కాలువ గట్ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. పడవలను గుర్రాలు లాగిన రోజుల్లో వాటి కోసం వేసిన బాటలివి. నీరు చదునుగా ఉంటుంది కాబట్టి గట్టూ చదునే. లాకుల దగ్గర మాత్రం మెట్టులా ఎక్కుతుంది. చాలా గట్లు ఇరుకు. వంతెనల కింద తల వంచాలి, ఎదురుగా వచ్చేవాళ్ళకు ఆగాలి. ఎక్కువచోట్ల ఇక్కడ సైకిలుకు ఉన్నది హక్కు కాదు, నిర్వాహకులిచ్చిన అనుమతి.

ఇక డొంకలు. రెండు పక్కలా ఎత్తైన పొదల కంచెలు, మధ్యన ఒక్క బండి పట్టే తారు రోడ్డు. డెవన్ లాంటి ప్రాంతాల్లో శతాబ్దాల రాకపోకలకు అరిగి డొంక నేలమట్టానికి దిగువన ఉంటుంది. చూడడానికి ఇంతకంటే అందమైన దారులు లేవు. కానీ ప్రమాదం కూడా ఇక్కడే. వేరే బోర్డు లేకపోతే ఇలాంటి రోడ్డు మీద కూడా చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్ళు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు. మలుపు అవతల ఏముందో కంచె కనపడనివ్వదు. 2000 సంవత్సరంలో వచ్చిన రవాణా చట్టం కొన్ని డొంకలను క్వయట్ లేన్ (నిదానపు దారి) గా ప్రకటించే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చింది. ఆ ప్రకటన వల్ల వేగ పరిమితి దానంతటది తగ్గదు. 2022లో సవరించిన రోడ్డు నియమావళి, సైకిలును దాటేటప్పుడు కారు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఉంచాలని చెబుతుంది. చాలా డొంకల్లో అంత వెడల్పే లేదు. అంటే డ్రైవరు వెనకాలే ఆగి రావాలి. కొందరు ఆగుతారు, కొందరు ఆగరు.

ఈ ముక్కలన్నిటినీ కలిపి దేశమంతటా ఒక అల్లిక చేయాలన్న ఆలోచన సస్ట్రాన్స్‌దే. 1995లో జాతీయ లాటరీ డబ్బు నుంచి నాలుగు కోట్ల పౌండ్లకు పైగా దానికి దక్కింది. 2000 నాటికి జాతీయ సైకిలు మార్గాల అల్లిక లాంఛనంగా మొదలైంది. నీలం బోర్డు మీద ఎర్రని చదరంలో తెల్ల అంకె కనిపిస్తే అది జాతీయ మార్గం. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒంటరిగా నిబ్బరంగా వెళ్ళగలగాలన్నది వాళ్ళు పెట్టుకున్న కొలమానం. 2018లో సంస్థ తన అల్లికను తానే తనిఖీ చేయించింది. మూడింట రెండు వంతులు మోటారు బళ్ళు తిరిగే రోడ్ల మీదే ఉన్నట్టు, అనేక ముక్కలు ఆ కొలమానానికి తూగనట్టు తేలింది. 2020లో దాదాపు నాలుగో వంతు మార్గాన్ని జాబితాలోంచి తీసేసింది, లేదా తరగతి మార్చింది. తమ మార్గం పొడవు తగ్గిందని ఒప్పుకోవడం ఏ సంస్థకూ సులువు కాదు. కానీ పిల్లల్ని వెంటబెట్టుకుని బోర్డును నమ్మి వెళ్ళే తల్లికి కిలోమీటర్ల లెక్క కంటే ఆ నిజాయితీ ముఖ్యం.

ఈ రకాలన్నీ ఒకే ప్రయాణంలో చూడాలంటే సీ టు సీ మార్గం చూడాలి. 1994లో తెరిచిన ఈ దారి పడమర తీరాన వైట్‌హేవెన్ లేదా వర్కింగ్టన్ దగ్గర మొదలై, తూర్పు తీరాన సండర్లాండ్ లేదా టైన్‌మత్ దగ్గర ముగుస్తుంది. పొడవు సుమారు 225 కిలోమీటర్లు. చాలామంది మూడు నాలుగు రోజుల్లో పూర్తి చేస్తారు. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పడమర నుంచే బయల్దేరతారు. బయల్దేరేటప్పుడు వెనక చక్రాన్ని ఐరిష్ సముద్రంలో, చేరాక ముందు చక్రాన్ని ఉత్తర సముద్రంలో తడపడం ఆనవాయితీ.

వైట్‌హేవెన్ నుంచి మొదటి భాగం గనుల రైలు కట్ట మీద తేలిగ్గా సాగుతుంది. కట్ట అయిపోగానే లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, అడవి, డొంకలు. కెసిక్ దగ్గర మళ్ళీ రైలు కట్ట, గ్రీటా నదిని పదే పదే దాటుకుంటూ. 2015 డిసెంబరు తుఫాను వరదకు అక్కడి వంతెనలు రెండు కొట్టుకుపోయాయి, కట్ట కోసుకుపోయింది. దాన్ని బాగుచేసి తిరిగి తెరవడానికి ఐదేళ్ళు పట్టింది, 2020 డిసెంబరులో తెరిచారు. పెన్‌రిత్ దాటాక హార్ట్‌సైడ్ కనుమ, 580 మీటర్ల ఎత్తు. ఇక్కడ రైలు ఇంజనీరు సాయం లేదు, రోడ్డు కొండను పట్టుకుని పైకి పోతుంది. తర్వాత పెనైన్ కొండల మీద సీసపు గనుల పాత ఊళ్ళు, గట్టి ఎక్కుళ్ళు. చివర్లో వాస్కర్లీ దగ్గర ఖనిజాలు మోసిన 1830ల నాటి రైలు కట్ట అందుతుంది. అక్కడి నుంచి కాన్సెట్ మీదుగా సముద్రం దాకా దాదాపు అంతా దిగుడే.

దూరం చూసి ప్రణాళిక వేసుకునేవాళ్ళు ఇందువల్లే దెబ్బతింటారు. రైలు కట్ట మీద 40 కిలోమీటర్లు ఒక పూట షికారు. అదే 40 కిలోమీటర్లు పెనైన్ కొండల మీద రోజంతా తినేస్తుంది. కిలోమీటర్లతో పాటు ఎన్ని మీటర్లు ఎక్కాలో కూడా చూడాలి. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పటాల్లో ఎత్తు గీతలు స్పష్టంగా ఉంటాయి, అవి దగ్గర దగ్గరగా ఉంటే నిటారు ఎక్కుడని అర్థం. దూరపు రైళ్ళలో సైకిలుకు ముందుగా చోటు బుక్ చేసుకోవాలి, ఒక్కో రైల్లో ఉండేవి కొద్ది చోట్లే. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది కాబట్టి తొందర పడనక్కర్లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి.

ఇప్పుడు పని ఎక్కువగా జరుగుతున్నది కొత్త బోర్డులు పెట్టడంలో కాదు, తెగిన చోట్లను కలపడంలో. సోమర్సెట్‌లో యాటన్ నుంచి చెడ్డర్ దాకా సుమారు 16 కిలోమీటర్ల స్ట్రాబెరీ లైన్ ఉంది. ఒకప్పుడు చెడ్డర్ పొలాల స్ట్రాబెరీలు ఈ రైల్లోనే పట్నాలకు వెళ్ళేవి. 1963లో ప్రయాణికుల రైళ్ళు ఆగాయి. చెడ్డర్ దాకా దారి బాగుంది. అక్కడి నుంచి వెల్స్, షెప్టన్ మాలెట్ వైపు కట్ట చాలామంది చేతుల్లోకి పోయింది. స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కో యజమానితో మాట్లాడి, ఒక్కో పొలం అంచున అనుమతి సంపాదించి, తామే కంకర పరిచి దారిని ముక్కలు ముక్కలుగా ముందుకు జరుపుతున్నారు. కొన్ని ముక్కలు ఇంకా వేటితోనూ కలవలేదు, అయినా వేసి ఉంచారు. రెండింటి మధ్య ఉన్న పొలం యజమాని ఒప్పుకున్న రోజున మిగిలే పని కొద్ది వందల మీటర్లే.